భద్రాచలం విలేకరుల క్లబ్బులో తొంభై మూడో పేజీ

ఈ ప్రయాణం ఒక పోస్టుకార్డుతో మొదలైంది. జేబులో సెల్‌ఫోను లేనివాణ్ని మనిషిగా లెక్కవేయని ఈ రోజుల్లో కూడా భద్రాచలంలోని విలేకరుల క్లబ్బు వాళ్లు రచయితలను పిలవడానికి పోస్టుకార్డే రాస్తారు. ఫోన్‌లో పిలిస్తే రచయిత అక్కడికక్కడే ఒప్పేసుకుంటాడనీ, కార్డు రాస్తే కనీసం రెండు రోజులు బెట్టు చేసే అవకాశం దక్కుతుందనీ క్లబ్బు కార్యదర్శి శీను అభిప్రాయం. ఆ అవకాశం నేను వాడుకోలేదు. కార్డు అందిన గంటలోనే వస్తున్నానని జవాబు రాసి డబ్బాలో వేసొచ్చాను. డెబ్బయ్యో ఏట మొదటి పుస్తకం వేసుకున్నవాడికి బెట్టు ఎక్కణ్నించి వస్తుంది?

నా పుస్తకం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. నేను బడిలో చదివింది ఐదో తరగతి. ఆ తర్వాతి చదువంతా తునికాకు కల్లంలో సాగింది. బీడీ ఆకు కట్టలు లెక్కబెట్టే గుమాస్తాగా వేసవి రెండు నెలలు పనీ, మిగతా పది నెలలు ఖాళీ. ఆ ఖాళీలో కిరాణా కొట్టు పొట్లాల కాగితాలతో సహా దొరికిందల్లా చదివాను. పొట్లం కాగితంలో కథ సగంలో తెగిపోయేది, మిగతా సగం నేనే అల్లుకునేవాణ్ని. అలా రాత అబ్బింది. చర్ల రోడ్డులో, అడవి అంచున ఉన్న ఒక మండల కేంద్రానికి నన్ను ఒక పత్రిక విలేకరిగా పెట్టుకుంది. ఇరవై ఏళ్లు చేశాను. ఆ రోజుల ముచ్చట్లే అరవై చిన్న అధ్యాయాలుగా పుస్తకమయ్యాయి.

క్లబ్బు వాళ్లు ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక రచయితను పిలుస్తారు. అరగంట మాట్లాడాలి, ఆ తర్వాత పుస్తకాల మీద సంతకాలు. అయితే ఈ రెంటి మధ్యా వాళ్లకొక ఆనవాయితీ ఉంది. దాన్ని 'ఖండన వేళ' అంటారు. పత్రికలో ఎవరి గురించైనా తప్పు పడితే ఆ మనిషి ఖండన పంపడం, మనం ఏ మూలో చిన్నక్షరాల్లో వేయడం మామూలే కదా. జీవితమంతా ఖండనలు అందుకుని అలిసిపోయిన విలేకరులు, ఈ బాధ రచయితలకెందుకు తప్పాలని తీర్మానించారు. పుస్తకంలో ఉన్న మనిషెవరైనా లేచి ఖండన చెప్పొచ్చు. దానికి జవాబు చెప్పకుండా రచయిత కలం మూత తీయకూడదు. ఇది శీను కార్డు చివర్లో రాశాడు. చదివి నవ్వుకున్నాను. నా పుస్తకంలో మనుషుల్లో సగం మంది పోయారు, మిగిలినవాళ్లు చదవరు అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఐదున్నరకు ఖానాపురం హవేలిలో మా సందు చివర షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ఐదు రూపాయలు, పుస్తకాల కట్టలు రెండింటికీ కలిపి ఇంకో ఐదు. ఖమ్మం బస్టాండు నుంచి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఆరున్నరకు కదులుతుంది. టికెట్టు అరవై చిల్లర. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ముందు వరుసలో, డ్రైవరుకు పక్కగా ఉండే సీటు నాకు ఇష్టం. వెనకటి బస్సుల్లో అయితే అక్కడ ఇంజను మీద పెద్ద మూత ఉండేది. చలికాలం దానిమీద కూచుంటే కుంపటి పక్కన కూచున్నట్టే. ఎండాకాలం కూచున్నవాడి గతి మాత్రం చెప్పను. ఆ మూత మీద కూచునే నేను సగం లోకజ్ఞానం సంపాదించాను, తక్కిన సగం పొట్లాల కాగితాల్లో.

కొత్తగూడెంలో బస్సు పావుగంట ఆగింది. బస్టాండు ఎదురుగా బండి మీద ఇడ్లీ ప్లేటు ఎనిమిది రూపాయలు, పల్లీ చట్నీ అడిగినంత వేస్తారు. నేను రెండో ఇడ్లీలో ఉండగా మా బస్సు డ్రైవరు చాయ్ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయి. నా సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకాలను చూశాడు.

"గా పుస్తకం రాసిన సారు మీరేనా?"

"అవ్, నేనే," అన్నాను. పుస్తకం వేశాక నన్ను రోడ్డు మీద గుర్తుపట్టిన మొదటి మనిషి ఇతనే. చట్నీ ఇంకొంచెం వేయించుకున్నాను.

"యేసోబు మామ గురించి రాసిన్రంట గద. డిపోల మస్తు నడుస్తున్నది."

"ఏం నడుస్తున్నది?"

"ఎవరి టిఫిను డబ్బా అన్న కనబడకపోతె, యేసోబుకిచ్చినవా ఏందిరా అని నవ్వుతున్నరు. మొన్న చర్ల దిక్కు పెద్దమనిషి ఒకాయన డిపో గేటు కాడ్నే అడిగిండు, మా ఊరి కవరు పారేసింది నువ్వేనా అని."

"యేసోబు ఏమన్నడు?"

"ఏమనలే సారు. డిపోకు వచ్చుడే బంద్ చేసిండు. ముప్పై ఏండ్లు బండి నడిపిన మనిషి. రిటైరయినంక గూడ రోజు పొద్దుగాల వచ్చి, బెంచి మీద కూసొని, మా అందర్తోని చాయ్ తాగి పోతుండె. నాకు గేర్లు నేర్పింది ఆయనే." గ్లాసు బండి మీద పెట్టి, "నిజంగనే పారేసిండా?" అని అడిగాడు.

"పారేసిండు," అన్నాను నేను. సగం ఇడ్లీ ప్లేటులోనే వదిలి, డబ్బులిచ్చి బస్సెక్కాను.

ఇక్కడ ఆ కవరు కథ చెప్పాలి. ఇప్పటి కుర్రకారు నెట్ సెంటరులో కూచుని మీట నొక్కితే వార్త పోతుంది. మా కాలంలో వార్త బస్సెక్కి పోయేది. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, పైన 'ప్రెస్ - అర్జెంట్' అని ఎర్ర సిరాతో రాసి డ్రైవరు చేతికిచ్చేవాళ్లం. ఖమ్మం ఆఫీసు మనిషి బస్టాండుకొచ్చి తీసుకునేవాడు. ఈ పనికి డ్రైవరుకు దక్కేది పొద్దున ఒక చాయ్, పండక్కి ఒక కాలెండరు. మా మండలం నుంచి ఖమ్మం పోయే బస్సుకు యేసోబు డ్రైవరు. రాత్రి మా ఊళ్లోనే పడుకుని తెల్లవారుజామున ఐదింటికి బండి తీసేవాడు. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు, 'కవరు సారు' అనేవాడు. కవరును తలపైన అద్దం వెనక దోపేవాడు. వాన పడితే చొక్కాలో పెట్టుకునేవాడు.

ఒక వానాకాలం వాగు పొంగి, అవతలి గూడెం ఏడు రోజులుగా తెగిపోయింది. ఉప్పూ బియ్యమూ అయిపోయి జనం వెదురు కొమ్ములు ఉడకబెట్టుకు తింటున్నారు. ఒకాయన తాడు పట్టుకుని ఈదుకుంటూ వచ్చి నాకు చెప్పాడు. ఫోన్లు పనిచేయడం లేదు. లాంతరు ముందు కూచుని వార్త రాసి యేసోబు చేతికిచ్చాను. మర్నాటి పేపరులో పడితే పడవ రావాలి. పడలేదు. ఆ మర్నాడూ పడలేదు. ఇంకో వారానికి గానీ అధికారులకు సంగతి తెలియలేదు, పడవ రాలేదు. లైన్లు బాగయ్యాక ఆఫీసుకు ఫోన్ చేస్తే వార్త రాలేదన్నారు. దాన్నే నా పుస్తకంలో తొంభై మూడో పేజీ నాలుగో వాక్యంగా రాశాను: 'డ్రైవర్ యేసోబు ఆ కవరును దారిలో ఎక్కడో పారేసుకున్నాడు.' ఎక్స్‌ప్రెస్ మళ్లీ కదిలాక ఆ వాక్యాన్ని తీసి నాలుగుసార్లు చదువుకున్నాను. నిజమే కదా అనుకున్నాను. నిజమైనదాన్ని నాలుగుసార్లు ఎందుకు చదవాల్సి వచ్చిందో అప్పుడు తోచలేదు.

పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. ఇప్పుడు రోడ్డు వెడల్పయి, చెట్లు కొంచెం వెనక్కి జరిగి నిలబడ్డాయి గానీ, ఇప్పచెట్లు పూసే రోజుల్లో పోతే కిటికీ తీసి ఉంచండి, తీపి వాసన బస్సు లోపలికి వస్తుంది. సారపాకలో కాగితం మిల్లు వాసన దాన్ని మింగేస్తుంది. వెదురు కాగితమయ్యే చోటు అది. నాకు ఆ వాసన కూడా ఇష్టమే. తరవాత వంతెన, కింద గోదావరి. నేను వెళ్లినప్పుడు నీళ్లు తక్కువగా ఉన్నాయి, ఇసుక దిబ్బల మీద బట్టలు ఆరేశారు. పది గంటలకు భద్రాచలం బస్టాండులో దిగాను. దిగేటప్పుడు డ్రైవరు, "యేసోబు మామ వస్తడేమో మీ మీటింగుకు," అన్నాడు. హెచ్చరించాడో, ఊరికే అన్నాడో తెలియలేదు.

క్లబ్బు బస్టాండుకు ఐదు నిమిషాల నడక. కింద సైకిళ్ల కొట్టు, పక్కనుంచి ఇనుప మెట్లు, పైన ఒకే హాలు. ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు, పైన ఒక ఫ్యాను, గోడ పొడుగునా పాత పేపర్ల బొత్తులు. శీను మెట్ల దగ్గరే ఎదురొచ్చి కట్టలు అందుకున్నాడు. నలభై ఏళ్ల మనిషి, జేబుకు మూడు కలాలు.

"వార్త పొద్దుగాలనే పంపిన సార్. మీరు మంచిగ మాట్లాడిన్రు."

"నేనింకా మెట్లెక్కలేదు కదయ్యా."

"ఆదివారం పేజీ జల్దీ మూస్తరు సార్. మీటింగు అయినంక పంపితె ఎవ్వరు వేస్తరు? గూడేల కష్టాలు కండ్లకు కట్టినట్టు చెప్పిన్రు. చప్పట్లు గూడ కొట్టిన్రు."

ఇలాంటి వార్తలు నేనూ ఎన్నో పంపాను. పంపినదానికి తగ్గట్టు మాట్లాడటం మర్యాద గనక, గూడేల కష్టాలతోనే మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను. సభకు అధ్యక్షుడు సుబ్బారావు గారు. ఒకప్పుడు ఖమ్మం ఆఫీసులో మేం పంపే కవర్లు విప్పి, వార్తలు దిద్దిన సబ్-ఎడిటరు. మధిర వైపు మనిషి, ఎనభైకి దగ్గర, కళ్లద్దాలు సోడాసీసా అడుగంత మందం. నన్ను చూసి, "ఏమయ్యా, చివరికి నా కత్తెర అందని చోట రాసుకున్నావన్నమాట," అన్నారు. ఆయన కత్తెరకు మేం పెట్టుకున్న పేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

పదకొండుకు మొదలుపెట్టాను. చప్పట్లు శీను ముందే పంపేశాడు గనక నాకు దిగుల్లేకపోయింది. కవర్లూ, లాంతర్లూ, ఇంజను మూత మీద కూచున్న రోజులూ చెప్పాను. పాత విలేకరులు కళ్లు మూసుకుని తలలూపారు. చివర్లో వాగు అధ్యాయం చదివి, నాతో తెచ్చిన పాత కాగితం ఒకటి పైకెత్తి చూపించాను. ఆ రోజు రాసిన వార్త తాలూకు నా దగ్గరి ప్రతి అది. పచ్చబడింది, మడతల దగ్గర చిరిగింది. "పేపర్లో పడని వార్తకు మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే," అన్నాను. గొంతు కొంచెం వణికించాను కూడా, దాచడమెందుకు.

శీను లేచాడు. "ఇప్పుడు ఖండన వేళ. పుస్తకంల ఉన్నోళ్లు ఎవరన్న ఉన్నరా?"

కిటికీ పక్కన, చివరి వరుసలో తెల్లచొక్కా మనిషి లేచాడు. జుట్టు నెరిసింది, వొళ్లు తగ్గింది. స్టీరింగు పట్టుకున్న చేతులు మాత్రం అవే. చంకలో జిప్పు సంచిలో బైబిలు.

"నేనున్న," అన్నాడు యేసోబు. "ప్రార్థన సగంల లేచి వచ్చిన. నాకు మాట్లాడుడు రాదు. ఇది చదువుండ్రి." బైబిల్లోంచి మడత కాగితం తీసి శీను చేతికిచ్చాడు.

అది డిపో ఇచ్చిన మెమో. ప్రయాణికులతో ఉన్న బస్సును వైరా దగ్గర నాలుగు గంటలపాటు వదిలి వెళ్లినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఉంది. బస్సు వదిలిన తారీఖును శీను చదివాడు. నా చేతిలో ఉన్న కాగితం పైమూల చూసుకున్నాను. అదే తారీఖు.

"వైరా దాటినంక రోడ్డు మీదికి నీళ్లొచ్చినయ్," అన్నాడు యేసోబు. మాట్లాడటం రాదన్న మనిషి ఆగకుండా మాట్లాడాడు. "బండి పోదు. అర్జెంట్ అని ఎర్రగ రాసుండె. గూడెపోళ్లు తిండి లేక ఉన్నరని ఈ సారే చెప్పిండె. బండి కండక్టరుకు అప్పజెప్పి, కవరు అంగిల పెట్టుకొని, నడుం లోతు నీళ్లల్ల అవతలికి పోయి లారీ ఎక్కిన. ఆఫీసుల ఫ్యాను కింద కూసున్న అద్దాల సారు చేతికిచ్చిన. మళ్ల నడిసి బండికాడికి వచ్చిన. మెమో ఇచ్చిన్రు, తీసుకున్న. ఎవ్వరికన్న చెప్పిన్నా? కవరు పోయింది, పని అయింది అనుకున్న."

అతను నావైపు తిరిగాడు.

"మళ్లొచ్చిన వారం సంది నువ్వు నాకు కవరియ్యలే. నా కండ్ల ముంగట్నే వేరే బండికిస్తుంటివి. కవరు సారుకు గా టైము కుదిరిందేమో అనుకున్న. ఇరవై ఏండ్లు గట్లనే అనుకున్న. నీ పుస్తకం చూసినంక తెలిసింది."

"యేసోబన్నా, నేను పారేసుకున్నావనే రాశాను. దొంగ అనలేదు," అన్నాను. అంటుంటేనే ఆ మాట ఎంత బోలుగా ఉందో నాకే వినిపించింది.

"ముప్పై ఏండ్లల్ల నా బండిల సూది పోలే సారూ. దొంగ అన్న అంతే, గదన్న అంతే. నాకు ఫరక్ లేదు."

అందరూ అద్దాల సారు కోసం వెతుక్కోనవసరం లేకపోయింది. సుబ్బారావు గారు అప్పటికే కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుస్తున్నారు.

"అతను చెప్పింది నిజం," అన్నారు. "కవరు నా చేతికే ఇచ్చాడు. నడుం దాకా తడిసి ఉన్నాడు. టీ తాగి పొమ్మన్నాను, బండి ఆగుంది సార్ అని పరిగెత్తాడు. విప్పి చూస్తే లోపల తెల్లకాగితం."

"తెల్లకాగితమా?"

"ఒక్క అక్షరం లేదు. ఆ నెలలో నీవి నాలుగు వార్తలు కోసేశాను. నువ్వు అలిగి తెల్లకాగితం పంపి నన్ను వెక్కిరిస్తున్నావనుకున్నాను. తరవాత నువ్వు ఫోన్ చేసి అడిగితే, ఇంకా ఆటలాడుతున్నావని ఒళ్లు మండి, రాలేదు పొమ్మన్నాను. తప్పు నాదీ ఉందయ్యా. అసలు ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వు."

నా చేతిలోని పాత ప్రతి తీసుకుని ముందు చూడలేదాయన. వెనక్కి తిప్పి, కిటికీ వెలుతురుకు పట్టారు. ముందు వరుసలో పాత విలేకరులు ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. కాగితం వెనకంతా నీలం రంగులో తిరగేసిన అక్షరాలు. ఏళ్ల తరబడి వాటిని చూస్తూనే ఉన్నాను, చెమ్మకు పక్క కాగితం సిరా అంటిందనుకున్నాను.

కార్బన్ పేపరు తిరగేసి పెడితే జరిగేది అదే. రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి రాస్తే కింది కాగితం మీద నకలు పడాలి. రంగు వైపు పైకి ఉంటే, నకలు పై కాగితం వీపు మీద తిరగబడి పడుతుంది, కిందిది తెల్లగా మిగిలిపోతుంది. ఆ హాల్లో పాతవాళ్లలో ఈ తప్పు చేయనివాడు లేడు. మరి ఆఫీసుకు పంపాల్సింది పై కాగితం కదా, అందులో వార్త ఉంటుంది కదా అని మీరడగొచ్చు. సుబ్బారావు గారు కూడా అడిగారు.

నేను పై కాగితం ఎప్పుడూ పంపేవాణ్ని కాదు. నకలే పంపేవాణ్ని. ఆఫీసువాళ్లు ఎలాగూ వాడి పారేసేదే కదా, నా సొంత చేతిరాత నా దగ్గరుంటే ఎప్పటికైనా పుస్తకం వేసుకోవచ్చని ఆశ. ఐదో తరగతి వాడికి అంత ఆశ ఉందని ఎవరికీ చెప్పుకోలేక గుట్టుగా ట్రంకు పెట్టెలో దాచుకున్నాను. ఆ తెల్లవారుజామున లాంతరు వెలుగులో, బస్సు హారను వినిపిస్తుంటే, కింది కాగితం చూడకుండానే మడిచి కవరులో పెట్టాను. అంటే గూడెం జనం ఇంకో వారం వెదురు కొమ్ములు తిన్నది ఈ పుస్తకం కోసం. నడుం లోతు నీళ్లలో యేసోబు మోసుకుపోయింది నా తెల్లకాగితాన్ని. ఇదంతా నిలబడి చెప్పాను. ఈసారి గొంతు వణికించాల్సిన పని లేకపోయింది.

"ఒక్క మాట అడగాల్సింది నేను," అన్నాను యేసోబుతో. "ఊళ్లో ఎవరి మీద రాసినా, ముందు వివరణ అడిగి రాయమని కొత్తవాళ్లకు పాఠాలు చెప్పాను. పొద్దున్నే నీతో చాయ్ తాగుతూ నిన్ను మాత్రం అడగలేదు. నేను తప్పు రాశాను."

యేసోబు మెమో తీసుకుని మళ్లీ బైబిల్లో పెట్టుకున్నాడు. కూచోనూ లేదు, వెళ్లనూ లేదు.

శీను నా చెవి దగ్గరకొచ్చి, "సంతకాలు కానియ్యుండ్రి సార్. నేను నెట్ సెంటరుకు ఉరికి పొద్దుటి వార్త ఆపుతా. సవరణ చీటీ అచ్చేసి తర్వాత అంటిద్దం," అన్నాడు. చీటీలు రాలిపోతాయని చెప్పాను. బల్ల ముందు కూచుని మొదటి పుస్తకం తెరిచాను, మొదటి పేజీ దగ్గర కాదు, తొంభై మూడో పేజీ దగ్గర. నాలుగో వాక్యం కొట్టేసి, పక్కన ఖాళీలో రాశాను: 'కవరును యేసోబు చేర్చాడు. అందులో తెల్లకాగితం పెట్టింది నేను.' కింద సంతకం. ఆ రోజు నా సంతకం ఆ పేజీలో తప్ప ఇంకెక్కడా పెట్టలేదు.

వరుసలో నలభై మంది. మూడో పుస్తకం దగ్గరికే తొందరపడ్డాను. కొట్టివేత గీత వంకర తిరిగి కింది వాక్యం మీదికి పోయింది. నా భుజం మీదుగా నీడ పడింది.

"గట్ల గీస్తె కింద లైను గూడ పాయె," అన్నాడు యేసోబు. "ఇటియ్యి."

కుర్చీ లాక్కుని పక్కన కూచున్నాడు. జేబులో కలం లేదు, నాదే తీసుకున్నాడు. ఆయన గీత కొట్టి ఇటు జరిపేవాడు, నేను శీను దగ్గర తీసుకున్న కలంతో రాసి సంతకం పెట్టేవాణ్ని. గీత కొట్టే ముందు ప్రతిసారీ ఆ వాక్యాన్ని పెదవులతో చదువుకునేవాడు. పదిహేనో పుస్తకం దగ్గర ఆ చదవడం మానేశాడు.

క్లబ్బులో వంట చేసే రత్తమ్మ మధ్యలో వచ్చి మాకు ఎదురుగా నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇద్దరు ముసలోళ్లు, ఒక్క ముద్ద లోపటికి పోలే. పుస్తకాలు యాడికి పోతయి? లేవుండ్రి."

"ఇంకో పది ఉన్నయమ్మా," అన్నాడు యేసోబు.

"పది ఉంటె ఉన్నయ్. చాపల పులుసు సల్లారితె నన్నంటరు."

క్లబ్బులో భోజనం ఇరవై ఐదు రూపాయలు, ముందురోజు సాయంత్రంలోగా చెబితే చాలు. గోదావరి చేప పులుసు, గోంగూర, మజ్జిగ. రత్తమ్మ పులుసులో చింతపండు తగ్గించి మామిడి ముక్క వేస్తుంది. యేసోబు నా పక్కనే కూచుని తిన్నాడు. ముళ్లు తీసి ఆకు అంచున వరసగా పేర్చాడు. "అప్పుడు గూడెపోళ్లకు ఇదన్న దొరికుంటె," అన్నాడు ఒకసారి. నేను తల వంచుకుని తిన్నాను. క్షమించానని ఆయన చెప్పలేదు. అడిగే ముఖం నాకూ లేదు.

తిరుగు బస్సు నాలుగింటికి. మూడున్నరకు లేచి, "డిపోకు పోదాం పద," అన్నాను. యేసోబు కదలలేదు. "నువ్వు రాకుంటె నేనొక్కణ్నే పోత, నాకు గేటు గూడ తెల్వదు," అని ఆయన యాసలోనే అంటే, విసుక్కుంటూ చెప్పులేసుకున్నాడు. డిపో గేటు లోపల వేపచెట్టు కింద బెంచీ. డ్యూటీ దిగినవాళ్లు ఆరేడుగురు చాయ్ తాగుతున్నారు, పొద్దుటి డ్రైవరు కూడా ఉన్నాడు. యేసోబును చూసి మాటలు ఆపారు. నేను పుస్తకం తెరిచి, కొట్టేసిన వాక్యమూ, పక్కన రాసిందీ గట్టిగా చదివాను. యేసోబు చేత మెమో కూడా తీయించి చదివాను. నా ఉపన్యాసాలన్నిటిలో బాగా కుదిరింది అదే, రెండు నిమిషాలు పట్టింది.

పొద్దుటి డ్రైవరు లేచి, భుజం మీది తువ్వాలతో బెంచీ చివర దుమ్ము దులిపాడు. "కూసో మామా. చాయ్ చెప్పన్నా?"

"అడుగుడేంది? చెప్పు," అన్నాడు యేసోబు, కూచుంటూ.

వెనకనుంచి ఒక కండక్టరు, "పెద్దసారూ, పోయేటప్పుడు టికెట్ తీసుకుంటరా, తెల్లకాగితం తీసుకుంటరా?" అని అడిగాడు. బెంచీ అంతా ఘొల్లుమంది. యేసోబు నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టేశాడు. ఆ నవ్వు నా మీద అయితేనేం, ఇరవై ఏళ్ల తర్వాత వింటున్నాను.

ఇంటికి వచ్చి వారమైంది. రెండు వేళ్లతో ఇదంతా టైపు చేస్తున్నాను. ఆ దారిలో ఇప్పుడు మునుపటి బస్సులు లేవు, కవర్లు లేవు, వార్త బయల్దేరడం, చేరడం ఒక్క క్షణంలోనే అయిపోతుంది. మా కాలమే గొప్పదని అనాలనిపిస్తుంది గానీ, ఆ కాలంలో మన వార్తను చొక్కాలో పెట్టుకుని నీళ్లలో దిగిన మనుషులుండేవారు, వాళ్ల ముఖం చూసి ఒక మాట అడగని నాలాంటివాళ్లూ ఉండేవాళ్లం. భద్రాచలం పోయినవాళ్లు గుడీ, గోదావరీ, అడవీ చూసి వస్తారు, చూడాల్సిందే. నేను మాత్రం ఇంక ఎన్నిసార్లు పోయినా ముందు ఆ బెంచీ చూస్తాను. ఈ సభకు ముందే ఖమ్మంలో అమ్ముడుపోయిన పుస్తకాలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. కొందరి ఇళ్లకు నేనే పోయి దిద్ది వస్తున్నాను, అందరి చిరునామాలూ నా దగ్గర లేవు.

అందుకే ఆ వైపు ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఒక్క సలహా. నా పుస్తకం మీ దగ్గరుంటే సంచిలో వేసుకుని పొండి. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా యేసోబు డిపో బెంచీ మీద ఉంటాడు. తొంభై మూడో పేజీ తెరిచి ఇవ్వండి, నాలుగో వాక్యం ఆయనే కొట్టేస్తాడు. గీత తిన్నగా ఉంటుంది.